రోజువారీ వాడకానికి ఏ బ్రౌజర్? పెట్టుకున్నాక ఏం సరిచేసుకోవాలి?

ముందే తేల్చి చెప్పేస్తాను. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఫైర్‌ఫాక్స్ పెట్టి, అందులో ప్రకటనల్నీ, మీ వెంటపడే ట్రాకర్లనీ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేసుకోండి. సెట్టింగ్స్ జోలికి పోయే ఓపిక లేనివాళ్లకీ, ఇంట్లో పెద్దవాళ్ల మెషీన్‌కీ బ్రేవ్ నయం. ఐఫోన్‌లో సఫారీ చాలు. క్రోమ్‌ను తీసేయనక్కర్లేదు, మొరాయించే సైట్ల కోసం ఓ మూలన ఉండనివ్వండి. ఈ నాలుగు ముక్కలు చాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఎందుకు, ఎలా అన్నది కావాలంటే కాస్త పొడుగు వ్యవహారం.

పేర్లు డజను కనిపించినా, లోపల తిరిగే ఇంజన్లు, అంటే పేజీని తెర మీద గీసే ప్రోగ్రాములు, మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, శామ్‌సంగ్ ఇంటర్నెట్ ఇవన్నీ గూగుల్ ప్రధానంగా నడిపే క్రోమియం అనే బహిరంగ కోడ్ మీద కట్టినవే, వీటి ఇంజన్ బ్లింక్. సఫారీది వెబ్‌కిట్. ఫైర్‌ఫాక్స్‌దీ, దాని మీద కట్టిన టోర్, ముల్వాడ్, లిబ్రేవుల్ఫ్ బ్రౌజర్లదీ గెకో. ఐఫోన్‌లో అయితే ఆ తేడా కూడా దాదాపు లేదు. క్రోమ్ ఐకాన్ నొక్కినా లోపల పనిచేసేది వెబ్‌కిట్టే, అంటే చొక్కా మార్చిన సఫారీ. 2024 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 17.4తో ఐరోపా సమాఖ్యలో వేరే ఇంజన్లకు ఆపిల్ దారి తెరిచింది గానీ, మామూలు వాడకందారుకి దానివల్ల ఇంతవరకూ ఒరిగింది తక్కువ. ఐఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని యూబ్లాక్ ఆరిజిన్ కోసం వెతికేవాళ్లకి అది దొరకనిదీ ఇందుకే.

ట్రాకింగ్ ఎలా జరుగుతుందో ఒక్క ఉదాహరణ చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మీరు ఒక వార్తల సైట్ తెరిచారు. వార్త ఆ సైట్ సర్వర్ నుంచే వస్తుంది గానీ, పక్కనున్న ప్రకటన ఇంకో కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. వస్తూ వస్తూ మీ బ్రౌజర్‌లో ఒక నంబరు రాసిపెట్టి పోతుంది. ఆ తర్వాత మీరు చెప్పులు కొనే సైట్‌కి వెళ్లినా, ఏదో జబ్బు గురించి చదివినా, అక్కడ కూడా అదే కంపెనీ ప్రకటన ఉంటే ఆ నంబరు చూసి ‘ఇందాకటి మనిషే’ అని గుర్తుపడుతుంది. ఇదే థర్డ్ పార్టీ కుకీ. సఫారీ వీటిని 2020 మార్చి నుంచి పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్‌లో టోటల్ కుకీ ప్రొటెక్షన్‌ను అందరికీ డిఫాల్ట్ చేసింది. ఒక్కో సైట్‌కీ విడిగా ఒక డబ్బా ఇచ్చి, ఒకదాంట్లో రాసిన నంబరు ఇంకోదాంట్లో కనపడకుండా చేసే పద్ధతి అది. బ్రేవ్ కూడా డిఫాల్ట్‌గానే ఆపుతుంది. క్రోమ్ మాత్రం 2020 జనవరిలో ‘రెండేళ్లలో తీసేస్తాం’ అని చెప్పి, వాయిదా మీద వాయిదా వేసి, 2024 జులైలో ఆ మాట వెనక్కి తీసుకుంది. బ్రౌజర్ తయారుచేసేదీ, ప్రకటనలు అమ్ముకునేదీ ఒకే కంపెనీ అయినప్పుడు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముంది? క్రోమే వాడి తీరాల్సినవాళ్లు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాన్లో థర్డ్ పార్టీ కుకీస్ తెరిచి బ్లాక్ ఎంచుకోండి. అర నిమిషం పని.

ఇన్‌కాగ్నిటో, అంటే క్రోమ్‌లోని ప్రైవేట్ విండో, సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే. ఆ విండో మూసేస్తే హిస్టరీ, కుకీలు మీ కంప్యూటర్‌లో మిగలవు. అంతవరకే. మీ ఐపీ అడ్రస్ సైట్‌కి కనపడుతూనే ఉంటుంది. ఆఫీసు నెట్‌వర్క్‌కీ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ మీరు ఏ సైట్‌కి వెళ్లారో తెలుస్తూనే ఉంటుంది. లోపల లాగిన్ అయ్యారంటే ఇక దాచేందుకేం లేదు. ఇన్‌కాగ్నిటోలో కూడా సమాచారం సేకరించారని గూగుల్ మీద 2020లో వేసిన దావా 2024లో రాజీతో ముగిసింది, పాత రికార్డులు చెరిపేయడానికి కంపెనీ ఒప్పుకుంది. ఇంకో చిన్న మెలిక ఉంది: క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ తెరిచిన ప్రైవేట్ విండోలన్నీ ఒకే కుకీ డబ్బాను పంచుకుంటాయి. ఒక్కటి మూస్తే సరిపోదు, చివరిదాకా అన్నీ మూస్తేనే అది ఖాళీ అవుతుంది.

క్రోమ్ మీద అసలు ఫిర్యాదు కుకీలు కూడా కాదు, ఎక్స్‌టెన్షన్లు. యూబ్లాక్ ఆరిజిన్ లాంటి బ్లాకర్ పాత పద్ధతిలో ఇలా పనిచేసేది: పేజీలో ఉన్న ప్రతి బొమ్మా, ప్రతి స్క్రిప్టూ బయటికి వెళ్లే ముందు బ్రౌజర్ ఒక్క క్షణం ఆగి, ‘పంపమంటావా?’ అని ఎక్స్‌టెన్షన్‌ను అడిగేది. ఎక్కడినుంచి వస్తోంది, ఏ పేజీ అడిగింది, ఏ రకం ఫైల్ అన్నీ చూసుకుని అది అవుననో కాదనో చెప్పేది. మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనలతో క్రోమ్ ఈ అడగడం తీసేసింది. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ ముందుగానే నియమాల జాబితా ఇచ్చేసి పక్కకి తప్పుకోవాలి, నిర్ణయం బ్రౌజర్‌దే. ఒక ఎక్స్‌టెన్షన్‌కి ఖాయంగా దక్కే స్థిర నియమాలు 30,000. ఆపైన ఉన్న కోటాను మెషీన్‌లోని ఎక్స్‌టెన్షన్లన్నీ పంచుకోవాలి. యూబ్లాక్ ఆరిజిన్ డిఫాల్ట్ జాబితాలే అంతకు చాలా ఎక్కువ. పైగా స్థిర జాబితాలో మార్పు కావాలంటే ఎక్స్‌టెన్షనే అప్‌డేట్ కావాలి. వీడియో సైట్లు ప్రకటనల తీరు రోజు మార్చి రోజు మారుస్తుంటాయి, ఆ పరుగు ఈ పద్ధతికి అందదు.

దాంతో 2024, 2025ల్లో క్రోమ్ పాత యూబ్లాక్ ఆరిజిన్‌ను ఆపేసింది. దాని బదులు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. చెత్తది కాదు, మామూలు ప్రకటనలకు బాగానే సరిపోతుంది. కానీ ఇంటి కుక్కకీ, గేటుకి తగిలించిన ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డుకీ ఉన్నంత తేడా. ఫైర్‌ఫాక్స్ పాత అడిగే పద్ధతిని అలాగే ఉంచింది. అదనంగా అక్కడ ఇంకో బలం ఉంది: కొన్ని ట్రాకర్లు సైట్ సొంత సబ్‌డొమైన్ పేరు తగిలించుకుని, వెనక డీఎన్‌ఎస్‌లో (సైట్ పేర్లను అసలు సర్వర్లకు కలిపే పట్టికలో) మాత్రం ట్రాకింగ్ కంపెనీకే దారి చూపిస్తాయి. ఆ ముసుగు తీసి చూసే సదుపాయం ఎక్స్‌టెన్షన్‌కి ఇచ్చేది ఫైర్‌ఫాక్సే. క్రోమియంలో ఎక్స్‌టెన్షన్‌కి ఆ వీలు లేదు.

ఫైర్‌ఫాక్స్‌ను దారిలో పెట్టడం

దీనికి ఇరవై నిమిషాలు పడుతుంది. ముందు డౌన్‌లోడ్: సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన లింక్ నొక్కొద్దు, అచ్చం అలాగే కనపడే నకిలీ సైట్లు అక్కడే కాపు కాస్తాయి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సైట్ అడ్రస్ మీరే టైప్ చేయండి, లేదా సిస్టమ్‌తో వచ్చిన యాప్ స్టోర్ నుంచి తీసుకోండి.

తెరవగానే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి ఎన్‌హాన్స్‌డ్ ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ను స్టాండర్డ్ నుంచి స్ట్రిక్ట్‌కి మార్చండి. అప్పుడప్పుడూ ఏదైనా సైట్‌లో పొందుపరిచిన వీడియోనో, కామెంట్ల డబ్బానో, వేరే ఖాతాతో లాగిన్ అయ్యే బటనో పనిచేయకుండా పోతుంది. అడ్రస్ బార్ ఎడమన ఉన్న డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్‌కి రక్షణ ఆపితే చాలు, మొత్తం స్టాండర్డ్‌కి దించేయక్కర్లేదు. అదే పేజీలో, మధ్యలో ఎవరూ చదవలేని కనెక్షన్‌తోనే సైట్లు తెరిచే హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్ అన్ని విండోలకూ పెట్టండి. ఇంట్లో రౌటర్ పేజీ తెరిచినప్పుడు ఇది హెచ్చరిక చూపించవచ్చు. అది మీ ఇంట్లోని పెట్టే కాబట్టి ముందుకు వెళ్లొచ్చు. తెలియని సైట్‌లో అదే హెచ్చరిక వస్తే మాత్రం పాస్‌వర్డ్ కొట్టొద్దు.

అక్కడే కిందికి వస్తే మొజిల్లాకు సాంకేతిక వివరాలు పంపే టిక్కు, స్టడీస్ టిక్కు ఉంటాయి. రెండూ తీసేయండి. హోమ్ విభాగంలో స్పాన్సర్డ్ షార్ట్‌కట్లు, స్పాన్సర్డ్ కథనాలు, సెర్చ్ విభాగంలో స్పాన్సర్ల సూచనలు తీసేయండి. సెర్చ్ సజెషన్స్ ఉంటే అడ్రస్ బార్‌లో మీరు కొట్టే ప్రతి అక్షరం, ఎంటర్ నొక్కకముందే, సెర్చ్ కంపెనీకి వెళ్తుంది. పొరపాటున పాస్‌వర్డ్ అక్కడ పేస్ట్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఇది ఫైర్‌ఫాక్స్‌కే కాదు, అన్ని బ్రౌజర్లకూ వర్తించేదే.

యూబ్లాక్ ఆరిజిన్ వేసుకునేటప్పుడు పేరు పూర్తిగా చూడండి. ఉత్త ‘యూబ్లాక్’ అని ఉన్నది వేరే సరుకు. యూబ్లాక్ ఆరిజిన్ రచయిత రేమండ్ హిల్. డిఫాల్ట్‌గా వదిలేసినా బాగానే పనిచేస్తుంది. ఒక్క మార్పు చేసుకుంటే హాయి: డ్యాష్‌బోర్డ్‌లో ఫిల్టర్ లిస్ట్స్ తెరిచి, కుకీ నోటీసెస్ కింద ఉన్న జాబితా టిక్ చేసి, అప్లై నొక్కండి. సైట్ తెరవగానే అడ్డంగా నిలబడే ‘కుకీలకు ఒప్పుకోండి’ డబ్బాలు చాలావరకు మాయమవుతాయి. ఏదైనా పేజీ కదలకపోతే ఐకాన్ నొక్కి పెద్ద పవర్ బటన్ ఆపి రీలోడ్ చేయండి. అప్పుడు నడిస్తే తప్పు ఫిల్టర్లది, అప్పటికీ నడవకపోతే సైట్‌దే. దీనితోపాటు ఇంకో యాడ్ బ్లాకర్ పెట్టొద్దు. రెండు బ్లాకర్లు ఉంటే బలం రెట్టింపు కాదు. ఒకటి దాటించిన స్క్రిప్టును ఇంకోటి తుంచేస్తుంది, ఏది చెడగొట్టిందో తేలదు.

ఫైర్‌ఫాక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది మల్టీ అకౌంట్ కంటైనర్స్, మొజిల్లాయే చేసిన ఎక్స్‌టెన్షన్. బ్యాంకు ఒక రంగు ట్యాబ్‌లో, సోషల్ మీడియా ఒక రంగులో, ఆఫీసు మెయిల్ ఒక రంగులో తెరుచుకుంటాయి. ఒకదాని కుకీలు ఇంకోదానికి తెలియవు. ఒకే సైట్‌లో రెండు ఖాతాలు పక్కపక్కనే తెరుచుకోవచ్చు. ‘ఈ సైట్ ఎప్పుడూ ఈ కంటైనర్‌లోనే’ అని ఒకసారి చెప్పి వదిలేస్తే తర్వాత గుర్తుపెట్టుకునే పని ఉండదు. బ్రౌజర్ మూయగానే కుకీలు చెరిపేసే టిక్కు కూడా ఉంది గానీ, మినహాయింపుల జాబితా రాసుకోకుండా పెడితే రోజూ అన్నిచోట్లా లాగిన్ కావాలి. మినహాయింపు రాసేటప్పుడు సైట్ అడ్రస్‌తోపాటు దాని లాగిన్ పేజీ వేరే డొమైన్‌లో ఉంటే అది కూడా రాయాలి. ‘రాసినా లాగౌట్ అవుతోంది’ అనే గోల ఎక్కువగా దీనివల్లే.

చేయకూడనిది ఒకటి. ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగ్స్ పేజీ అబౌట్ కాన్ఫిగ్‌లో రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్ (ఫాంట్లు, స్క్రీన్ కొలతల్లాంటి వాటితో మిమ్మల్ని గుర్తుపట్టడాన్ని అడ్డుకునేది) అనేదాన్ని ఆన్ చేయమని చాలామంది సలహా ఇస్తారు. అది, మీరెవరో సైట్లకు తెలియనివ్వని టోర్ బ్రౌజర్ కోసం పుట్టిన సదుపాయం. ఆన్ చేస్తే బ్రౌజర్ మీ టైమ్ జోన్‌ను దాచేస్తుంది, వెబ్ క్యాలెండర్‌లో మీటింగ్ సమయాలు గంటల తేడాతో కనపడతాయి. బొమ్మలు దిద్దే సైట్లలో చారలు వస్తాయి, క్యాప్చాలు వెంటపడతాయి. ఆన్ చేసిన నెలకి మర్చిపోయి, ‘ఫైర్‌ఫాక్స్ పాడైంది’ అనుకోవడం మామూలే.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. మొజిల్లా ఆదాయంలో పెద్ద వాటా గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు గూగులే ఇచ్చే సొమ్ము, అంటే ప్రత్యర్థి ఉప్పు తింటూ ప్రత్యర్థితో పోటీ. 2024 జులైలో ప్రకటనల ఫలితాలు కొలిచే ప్రయోగాన్ని అడగకుండానే ఆన్ చేసి తిట్లు తింది. 2025 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చి, ‘మీ డేటా ఎప్పటికీ అమ్మం’ అన్న పాత మాటను తీసేసి మళ్లీ తిట్లు తింది. తర్వాత వివరణ ఇచ్చుకుంది గానీ, మాట సూటిగా లేదు. పైన చెప్పిన టిక్కులు తీసేయమన్నది అందుకే. ఇక క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలేసే సైట్లు, ముఖ్యంగా వీడియో మీటింగులూ ఆఫీసు పోర్టళ్లూ, అప్పుడప్పుడూ ఇక్కడ మొరాయిస్తాయి. మూలన ఉంచమన్న క్రోమ్ పనికొచ్చేది అప్పుడే.

బ్రేవ్

జావాస్క్రిప్ట్ సృష్టికర్త, మొజిల్లా సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన బ్రెండన్ ఐక్ మొదలుపెట్టినది, 1.0 వెర్షన్ 2019 నవంబర్‌లో వచ్చింది. దీని గొప్పంతా బ్లాకర్ ఎక్స్‌టెన్షన్‌గా కాకుండా బ్రౌజర్‌లోనే కలిసి ఉండటంలో ఉంది. అందుకే క్రోమియం మీద కట్టినా మానిఫెస్ట్ వీ3 దెబ్బ షీల్డ్స్ అనే ఈ బ్లాకర్‌కి తగల్లేదు, ఇందాకటి డీఎన్‌ఎస్ ముసుగు కూడా ఇది తీసేస్తుంది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకుడు డగ్లస్ లీత్ 2020లో ఆరు బ్రౌజర్లు తమ సర్వర్లకు ఏమేం చేరవేస్తున్నాయో కొలిచి చూస్తే, డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో అన్నిటికన్నా తక్కువ చేరవేసింది బ్రేవ్. కొత్తగా పెట్టి, ఒక్క బటన్ కూడా నొక్కనివాళ్లకి ఇదే మేలనడానికి అదొక ఆధారం.

చిరాకు ఎక్కడంటే, తెరవగానే క్రిప్టో వాలెట్, రివార్డ్స్, వీపీఎన్, వార్తలు, లియో అనే ఏఐ సహాయకుడు, అన్నీ సంతలో దుకాణాల్లా కళ్ల ముందు పరుచుకుంటాయి. ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి దాచేస్తే పావుగంటలో శుభ్రమవుతుంది. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రస్ టైప్ చేస్తే తన కమిషన్ కోడ్ తగిలించి పూర్తి చేసేది. బయటపడ్డాక క్షమాపణ చెప్పి తీసేసింది. మరక మాత్రం మిగిలింది. షీల్డ్స్ స్టాండర్డ్‌లో ఉంటే సైట్ తనే సొంతంగా చూపించే ప్రకటనలు చాలావరకు కనపడతాయి, అవీ వద్దంటే అగ్రెసివ్‌కి మార్చాలి. సినిమాల సైట్ తెరిస్తే మొదటిసారి వైడ్‌వైన్ (కాపీ రక్షణ ఉన్న వీడియోలను ఆడించే భాగం) కావాలా అని అడుగుతుంది, ఒప్పుకోకపోతే నల్ల తెరే. మీ మెషీన్ల మధ్య డేటా పంచుకునే సింక్‌కి ఖాతా అక్కర్లేదు, పదాల వరస ఒకటి ఉంటుంది. అది దొరికినవాడికి మీ డేటా దొరికినట్టే కాబట్టి ఫోటో తీసి గ్యాలరీలో పడేయొద్దు. టోర్ విండో ఉంది కదా అని దాన్ని టోర్ బ్రౌజర్‌కి బదులు అనుకోవద్దు, బ్రేవే ఆ మాట ఒప్పుకుంటుంది.

మిగతావి

ఎడ్జ్ ఇంజన్ క్రోమ్‌దే. ట్రాకింగ్ ప్రివెన్షన్ స్ట్రిక్ట్ పెట్టుకోవచ్చు గానీ, షాపింగ్ కూపన్లు, సైడ్‌బార్, వార్తల పేజీ ఆపుకుంటూ పోవడమే పెద్ద పని. అదే లీత్ అధ్యయనంలో మెషీన్‌కి ముడిపడిన గుర్తింపు సంఖ్య పంపినందుకు రష్యా బ్రౌజర్ యాండెక్స్‌తో కలిసి అట్టడుగున నిలిచింది ఇదే. వివాల్డీ ట్యాబ్‌లను వందల్లో తెరిచేవాళ్లకి స్వర్గం, ప్రైవసీలో మధ్యస్థం. ఒపెరా జోలికి పోవడానికి నాకైతే కారణం కనపడదు. లిబ్రేవుల్ఫ్ అంటే టిక్కులన్నీ ముందే తీసేసిన ఫైర్‌ఫాక్స్, కానీ అప్‌డేట్ దానంతట అది రాకపోతే పాత రంధ్రాలతోనే తిరుగుతుంటారు. ఏ బ్రౌజర్‌కైనా భద్రతా లోపం సరిదిద్దిన వెర్షన్ రెండు మూడు రోజుల్లో మీ మెషీన్‌లో ఉండాలి.

సఫారీ విషయంలో పెద్దగా చేయాల్సిందేమీ లేదు. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ 2025లో సఫారీకి కూడా వచ్చింది, అది వేసుకుంటే సరి.

టోర్ బ్రౌజర్ రోజువారీ సరుకు కాదు. మీ రాకపోకలను మూడు మజిలీల మీదుగా తిప్పుతుంది కాబట్టి నెమ్మది, బ్యాంకు సైట్లు అనుమానంగా చూస్తాయి. మీరెవరో సైట్‌కి నిజంగా తెలియకూడని పని ఉన్నప్పుడు తీయండి. తీసినప్పుడు కొత్త ఎక్స్‌టెన్షన్ వేయొద్దు, సొంత ఖాతాలోకి లాగిన్ కావద్దు. అందరూ ఒకేలా కనపడటమే దాని ఎత్తుగడ. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పరీక్షకు వచ్చిన బ్రౌజర్లలో దాదాపు 84 శాతం, కుకీలు లేకుండానే, ఫాంట్లు, ప్లగిన్లు, స్క్రీన్ కొలతల్లాంటి వాటితోనే విడిగా గుర్తుపట్టగలిగేలా ఉన్నాయి. ఈ ఫింగర్‌ప్రింటింగ్‌కి టోర్ జవాబు అందరికీ ఒకే ముఖం తగిలించడం, బ్రేవ్ జవాబు సైట్ సైట్‌కీ ముఖం కొద్దిగా మార్చడం.

ఎక్స్‌టెన్షన్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటే చాలు. ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ ఎంతో మందికి ఇష్టమైనది. 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో అది హానికరమైందంటూ గూగులే తీసేసింది. మంచి పేరున్న ఎక్స్‌టెన్షన్ యజమాని మారినా మీకు కబురు రాదు. యాంటీవైరస్‌తో వచ్చేవి మంచివేనన్న భరోసా కూడా లేదు: అవాస్ట్ తన వాడకందారుల బ్రౌజింగ్ వివరాలను అమ్మినందుకు 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 1.65 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఫోన్‌లో అయితే బ్రౌజర్ ఒక్కటే చూసుకుంటే చాలదు. 2025 జూన్‌లో బయటపడిన విషయం: ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యాండెక్స్ యాప్‌లు ఫోన్ లోపలి పోర్టుల దగ్గర చెవి ఒగ్గి, బ్రౌజర్‌లోని వెబ్ పేజీ స్క్రిప్టుల నుంచి గుర్తింపు అందుకునేవి. ఇన్‌కాగ్నిటో, కుకీలు చెరపడం రెండూ అక్కడ పనిచేయలేదు. యాప్ తీసేసి అదే సైట్‌ను బ్రౌజర్ ట్యాబ్‌లో వాడితే ఈ దారి మూసుకుపోతుంది.

మారేటప్పుడు

పాత బ్రౌజర్ నుంచి బుక్‌మార్కులను హెచ్‌టీఎమ్ఎల్ ఫైల్‌గా, పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీగా దింపి కొత్తదాంట్లోకి ఎక్కించండి. ఆ సీఎస్‌వీలో పాస్‌వర్డ్‌లన్నీ పచ్చి అక్షరాల్లో ఉంటాయి. ఎక్కించిన వెంటనే డౌన్‌లోడ్స్ నుంచి, ఆపైన రీసైకిల్ బిన్ నుంచి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్‌కి బ్యాకప్ అవుతుంటే అక్కడినుంచీ తీసేయండి. లాగిన్లు రావు కాబట్టి ప్రతి సైటూ మిమ్మల్ని కొత్త మనిషిగానే చూస్తుంది. రెండో అంచె కోడ్ వచ్చే ఫోన్, బ్యాకప్ కోడ్‌లు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లోనే పాస్‌వర్డ్‌లు ఉంచేటట్లయితే, వాటన్నిటికీ తాళం వేసే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టండి. సింక్ వాడితే రికవరీ కీ ముందే తీసి దాచుకోండి. ఖాతా పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేస్తే, ఆ కీ లేకుండా సర్వర్‌లో ఉన్నది మొజిల్లా కూడా తెరవలేదు.

రెండు వారాలు రెండూ పక్కపక్కన ఉంచి, అవసరమైనవన్నీ కొత్తదాంట్లో తెరుచుకుంటున్నాయని తేలాక పాతదాన్ని డిఫాల్ట్ నుంచి తప్పించండి. బ్రౌజర్‌ను మెషీన్‌లోంచి తీసేసినంత మాత్రాన దాని సింక్ ఖాతాలో ఉన్న హిస్టరీ, పాస్‌వర్డ్‌లు పోవు. తీసేసే ముందే ఆ ఖాతాలోని సింక్ పేజీకి వెళ్లి, అక్కడున్న డేటా చెరిపే బటన్ నొక్కాలి.